మూడు కిలోల ఎనిమిది వందల భయం

“బిడ్డ పెద్దగా ఉందమ్మా, నార్మల్ కష్టం. రిస్కెందుకు చెప్పండి?”

ఈ ముక్క విననివాళ్ళు మా వైరా చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టుకొస్తాను. ఆ మాట పడ్డాక గదిలో ఇంకెవరూ నోరు విప్పరు. ఎలా విప్పుతారు? చెప్పింది డాక్టరమ్మ. స్కానింగ్ కాయితం మీద అంకె ఉంది. కడుపులో ఉన్నది బిడ్డ. అత్తగారు పంతులుగారికి ఫోన్ చేసి ముహూర్తం అడుగుతుంది. భర్త డబ్బులు సర్దే పనిలో పడతాడు. తొమ్మిది నెలలు మోసిన మనిషి మాత్రం బల్ల మీంచి లేచి బట్టలు సర్దుకుని, ఎవరు ఏం నిర్ణయించారో వినడానికి బయటికొస్తుంది.

నాకు మండేది అక్కడే.

నేను డాక్టర్ని కాదు. హైదరాబాదులో కోడు రాసుకుని బతికే ఇరవయ్యెనిమిదేళ్ళవాణ్ణి, ఇంకా పెళ్ళి కూడా కాలేదు. “కాన్పుల సంగతి నీకెందుకురా” అని మా అమ్మ ఇప్పటికే అడిగింది. ఎందుకంటే ఇది సగం వైద్యం, సగం లెక్కలు. వైద్యం జోలికి నేను పోను. ఆ రెండో సగంలో జరుగుతున్న మోసం చూస్తూ ఊరుకోవడం మాత్రం నావల్ల కావడం లేదు.

ముందు మన ఘనత చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7! దేశంలో ఏ రాష్ట్రమూ మన దరిదాపుల్లో లేదు. మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5, ప్రైవేటులో 81.5. అంటే ప్రైవేటు ఆస్పత్రి గుమ్మం తొక్కిన ప్రతి అయిదుగురిలో నలుగురికి కోతే. జనాభా లెక్కన చూస్తే సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మరి మిగిలిన యాభై శాతం ఎవరి కోసం?

అన్నీ “పెద్ద బిడ్డ” వల్లే అని నేననను. ఉమ్మనీరు తగ్గిందనీ, మెడకి పేగు చుట్టుకుందనీ, ఎదురుకాళ్ళనీ ఇంకా చాలా ఉన్నాయి. వాటిల్లో నిజమైనవీ ఉన్నాయి. కానీ వీటన్నిట్లో అంకె వేసుకుని, సైన్సు వేషం కట్టుకుని వచ్చేది ఈ పెద్ద బిడ్డ కారణమే. అందుకే దీన్నే పట్టుకున్నాను.

సరే, ఆ అంకె ఎక్కణ్ణించి వస్తుంది? స్కానింగ్ మిషన్లో కాటా ఏమీ ఉండదు. బిడ్డ తల వెడల్పు, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడుగు కొలుస్తారు. వాటిని ఒక ఫార్ములాలో వేస్తారు. ఎక్కువగా వాడే హ్యాడ్‌లాక్ ఫార్ములా 1985 నాటిది. వచ్చిన జవాబుకి 10 నించి 15 శాతం అటూ ఇటూ తేడా మామూలు. అంటే కాయితం మీద 3.8 కిలోలు అని ఉంటే అసలు బిడ్డ 3.2 కిలోలు కావొచ్చు, 4.4 కూడా కావొచ్చు. ఇదేదో రహస్యం అనుకునేరు, చాలా రిపోర్టుల్లో బరువు పక్కనే ప్లస్ ఆర్ మైనస్ గుర్తు పెట్టి ఇన్ని గ్రాములు అని అచ్చేసే ఉంటుంది. మీ ఇంట్లో పాత స్కానింగ్ కాయితాలుంటే తీసి చూడండి.

మా ఆఫీసులో “ఈ పనికి ఎన్నాళ్ళు పడుతుంది” అని మేనేజరు అడుగుతాడు. “రెండు వారాలు, అటో ఇటో” అంటాం. ఆయన పైవాళ్ళ చెవిన వేసేసరికి ఆ “అటో ఇటో” ఎగిరిపోయి రెండు వారాలే మిగుల్తుంది. స్కానింగ్ రిపోర్టుకీ అదే గతి పట్టింది. కాకపోతే మా దగ్గర తప్పితే పోయేది ఒక శనివారం. అక్కడ తెగేది ఒక మనిషి కడుపు.

ఇంకో తమాషా చూడండి. నొప్పులతో వచ్చిన ఆడవాళ్ళలో అంతకుముందు కాన్పయినవాళ్ళని “మీ బిడ్డ ఎంత ఉంటుందనుకుంటున్నారు” అని అమెరికాలో అడిగి చూశారు (1992లో వచ్చిన పరిశోధన అది). వాళ్ళ అంచనా స్కానింగ్ కంటే ఏమీ తీసిపోలేదు! 2008లో ఇజ్రాయెల్ నించి వచ్చిన ఇంకో పరిశోధన ఇంకా ఘోరం. స్కాన్‌లో పెద్ద బిడ్డ అని పేరు పడ్డవాళ్ళలో, తీరా చూస్తే బిడ్డ పెద్దది కానివాళ్ళకి కూడా సిజేరియన్లు ఎక్కువయ్యాయి. అర్థమైందా? ఆపరేషన్ పెట్టించింది బిడ్డ బరువు కాదు, కాయితం మీది మాట.

అయితే పెద్ద బిడ్డతో ప్రమాదమే లేదా అంటే, ఉంది. తల బయటికొచ్చాక భుజం తల్లి ఎముక వెనక ఇరుక్కుంటుంది. షోల్డర్ డిస్టోషియా అంటారు. ఆ క్షణంలో నిమిషాలతో పని. మెడ నించి చేతికి వెళ్ళే నరాలు దెబ్బతినొచ్చు, అరుదుగా ఊపిరాడక అంతకంటే పెద్ద నష్టమే జరగొచ్చు. తల్లికి లోపల బాగా చిరగొచ్చు, రక్తం ఎక్కువ పోవచ్చు. ఇవన్నీ నిజం. దాచక్కర్లేదు. కానీ భయంతో పాటు లెక్క కూడా చెప్పాలి కదా!

లెక్క ఇదీ. భుజం ఇరుక్కునే కేసుల్లో దాదాపు సగం 4 కిలోల లోపు బిడ్డలవే. కాబట్టి బరువు చూసి ముందే పసిగట్టడం కష్టం. బిడ్డ నిజంగా 4.5 కిలోలు దాటితే ప్రమాదం 9 నించి 14 శాతం. తల్లికి సుగర్ ఉండి బిడ్డ అంత ఉంటే 20 నించి 50 శాతం. ఇరుక్కున్నా చాలాసార్లు తల్లి మోకాళ్ళు పొట్టకేసి బాగా మడిచి, పొత్తికడుపు కింద నొక్కితే భుజం జారుతుంది (పై నించి కడుపు మీద పడి నెట్టడం కాదు, అది చెయ్యకూడని పని). దెబ్బతిన్న నరాలు కూడా ఎక్కువమంది పిల్లల్లో బాగుపడతాయి. 1996లో అమెరికా పరిశోధకులు ఒక లెక్క కట్టారు. సుగర్ లేని తల్లుల్లో, స్కాన్‌లో 4.5 కిలోలు దాటిందని ముందే కోసేస్తూ పోతే, ఒక్క బిడ్డకి చెయ్యి శాశ్వతంగా పడిపోకుండా ఆపడానికి 3,695 ఆపరేషన్లు చెయ్యాలి. సుగర్ ఉన్నవాళ్ళలో అయితే 443. రెండు అంకెలకీ తేడా చూశారా? అందుకే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన సూచనల్లో, సుగర్ లేకపోతే అంచనా 5 కిలోలకీ, ఉంటే 4.5 కిలోలకీ చేరితే సిజేరియన్ ఆలోచించొచ్చు అంది. “ఆలోచించొచ్చు” అంది, “కోసెయ్యండి” అనలేదు.

ఇక్కడ అందరూ ఒక మాటంటారు. “అమెరికా వాళ్ళు ఆరడుగులు, మన పిల్లలు అయిదడుగులు. ఆ లెక్కలు మనకెలా సరిపోతాయి?” న్యాయమైన ప్రశ్నే. మన దగ్గర బిడ్డ సగటు మూడు కిలోల లోపే, కాబట్టి మూడున్నర మనకి పెద్దదే. కానీ పెద్దది అనడం వేరు, పట్టదు అనడం వేరు. తల్లి ఎముకల్లోంచి బిడ్డ పడుతుందా లేదా అన్నది నొప్పులు రాకముందే తేల్చే మిషన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఎక్స్‌రే తీసి కటి ఎముకలు కొలిచి చూశారు. సిజేరియన్లు పెరిగాయి తప్ప బిడ్డలకి లాభం కనపళ్ళేదు. నొప్పుల్లో ఎముకల కీళ్ళు కాస్త సాగుతాయి, బిడ్డ తల ఎముకలు సర్దుకుంటాయి, తల్లి పడుకున్న తీరూ కూర్చున్న తీరూ లెక్కలోకొస్తాయి. అసలు పరీక్ష నొప్పులే. పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషీ, అవసరమైతే వెంటనే కొయ్యగలిగే థియేటరూ, రక్తమూ ఉన్నచోట ఆ పరీక్ష పెట్టాలి. అంతే.

పైగా దారులు రెండు కాదు, మూడు. ఆపరేషన్, నొప్పుల కోసం ఆగడం, నొప్పులు తెప్పించడం. ఈ మూడోదాని మీద ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, బెల్జియంలలో 822 మంది తల్లులతో చేసిన పరిశోధన 2015లో వచ్చింది. 37, 38 వారాల్లో నొప్పులు తెప్పిస్తే భుజం ఇబ్బందులు 6 శాతం నించి 2 శాతానికి తగ్గాయి, సిజేరియన్లు పెరగలేదు. 2025లో బ్రిటన్ నించి వచ్చిన బిగ్ బేబీ ట్రయల్లో 2,893 మంది. తెప్పించినవాళ్ళలో 2.3 శాతం, మామూలుగా వదిలినవాళ్ళలో 3.1 శాతం. అది కచ్చితంగా లాభమే అని చెప్పేంత తేడా కాదు. (సుగర్ ఉన్నవాళ్ళని ఈ లెక్కలోకి తీసుకోలేదు, వాళ్ళ దారి వేరు.) అంటే తెలివైన డాక్టర్లు కూడా “ఇలా కావొచ్చు, అలా కావొచ్చు” అనే చోటు ఇది. అలాంటి చోట నిర్ణయం ఎవరిది ఉండాలి? ఆ శరీరం ఎవరిదో వాళ్ళదే కదా?

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా చెల్లెలికి తొలి కాన్పు, పుట్టింటికి వైరా వచ్చింది. సుగర్ లేదు. 38వ వారం స్కానింగ్‌లో 3.8 కిలోలు. చూపించుకుంటున్న ప్రైవేటు ఆస్పత్రిలో (పేరు అనవసరం, ఏది పెట్టినా తప్పు కాదనిపిస్తుంది) సరిగ్గా పైన చెప్పిన వాక్యమే చెప్పి గురువారం రమ్మన్నారు. చెల్లి అడిగింది, “మేడం, ఈ బరువు ఎంత కరెక్టు?” అని. వచ్చిన జవాబు: “నువ్వు చదువుకున్నావా, నేను చదువుకున్నానా?” బయటికొచ్చాక మా అమ్మ కూడా దాన్నే తిట్టింది, పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది అని.

చెల్లి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పావుగంట కూర్చోబెట్టి మూడు దారులూ చెప్పి, ఏది కావాలో రేపు చెప్పమ్మా అంది. చెల్లీ బావా రాత్రంతా మాట్లాడుకుని నొప్పుల కోసం ఆగుతామన్నారు. తర్వాతి వారం నొప్పులొచ్చాయి. నార్మల్ అయిందా అని అడుగుతారుగా. అవలేదు! పద్నాలుగు గంటల తర్వాత కాన్పు ముందుకి సాగట్లేదని ఆపరేషనే చేశారు. బిడ్డ 3.5 కిలోలు, తల్లీబిడ్డా క్షేమం. “చూశావా, మొదటావిడ చెప్పినట్టే అయింది” అని చుట్టాలందరూ నా మీద ఎక్కేశారు. కాదు బాబూ, అయినట్టు కాదు. మొదటిది గురువారం ఖాళీగా ఉందని పెట్టిన కోత. రెండోది అవసరం తేలాక పెట్టిన కోత, అదీ చెల్లెల్ని అడిగి. కుట్లు ఒకేలా ఉంటాయి కానీ ఆ మనిషి మనసులో ఉండేది ఒకటి కాదు. కావాలంటే వెళ్ళి దాన్నే అడగండి.

డాక్టర్లందరూ డబ్బు మనుషులు అని నేననట్లేదు. వాళ్ళ పరిస్థితి చూడండి. పదిహేను మంచాల నర్సింగ్ హోమ్, ఉన్నది ఒక్క గైనకాలజిస్టు. మత్తు డాక్టరు పిలిస్తే వస్తాడు, రాత్రి రెండింటికి పిలిస్తే వస్తాడో రాడో. ఒక నార్మల్ కాన్పుకి పన్నెండు గంటలు కాపలా, ఒక ఆపరేషన్‌కి ముప్పావుగంట. ఏదైనా తేడా వస్తే “ఎందుకు ముందే కొయ్యలేదు” అని అద్దాలు పగలగొట్టేది మనమే. అనవసరంగా ఎందుకు కోశావని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. పన్నెండు గంటలూ పక్కన కూర్చునే మనిషి కావాలి. 2017లో ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో నర్సులకి 18 నెలల మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది అందుకే. మంచి పని. అలాంటివాళ్ళు ప్రతి కాన్పు గదిలోనూ ఉండేదాకా ఈ కథ మారదు. ఇదంతా సిజేరియన్లు ఎందుకు పెరిగాయో చెప్తుంది. తల్లికి నిజం ఎందుకు చెప్పరో మాత్రం చెప్పదు. నిజం చెప్పడానికి పన్నెండు గంటలు పట్టదు, పావుగంట చాలు.

“ఆపరేషనే కదా, ఇప్పుడు అందరికీ చేస్తున్నారు, ఏమవుతుంది?” అనేవాళ్ళకి ఒక్క మాట. కోత ఆ రోజుతో అయిపోదు, వచ్చే కాన్పుకి బాకీ పెట్టి పోతుంది. ఒకసారి కోసిన గర్భసంచి తర్వాతి నొప్పుల్లో పాత కుట్టు దగ్గర చిట్లే ప్రమాదం సుమారు రెండు వందల్లో ఒకటి. కోత కోతకీ మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయే ప్రమాదం పెరుగుతుంది, అది జరిగితే ఒక్కోసారి సంచే తీసెయ్యాలి. ఖమ్మంలో ఉండేవాళ్ళకి ఇది ఎలాగో గట్టెక్కే సంగతి. కానీ వైరా నించి ఏన్కూరు, జూలూరుపాడు దాటి, భద్రాచలం దాటి, చర్ల వైపు వెళ్ళండి. వానాకాలం వాగులు పొంగితే నెలలు నిండినవాళ్ళని మంచం కట్టి మోసుకొచ్చే ఊళ్ళున్నాయి. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, వంతెన మీద రాకపోకలే ఆపేశారు. ఆ రోజుల్లో అవతలి గట్టున, పాత కుట్టుతో, రెండో కాన్పు నొప్పులు మొదలైన మనిషిని ఊహించుకోండి. తొలి కాన్పులో “రిస్కెందుకు” అన్న ఆ రిస్కు ఎక్కడికీ పోలేదు. పట్నంలో ఉన్న డాక్టరు నెత్తి మీంచి దిగి, అడవిలో ఉన్న తల్లి నెత్తికెక్కింది.

ఇది చదివి “నార్మలే గొప్ప” అనే బ్యాచ్ చప్పట్లు కొట్టక్కర్లేదు, మీకూ ఉంది. బ్రిటన్‌లో నాడీన్ మాంట్‌గోమరీ అని ఒకావిడ. పొట్టి మనిషి, సుగర్ ఉంది. బిడ్డ పెద్దదేమో, మామూలు కాన్పు అవుతుందా అని తన ఆందోళన డాక్టరుకి చెప్పుకుంది. ఆమెలాంటివాళ్ళకి భుజం ఇరుక్కునే ప్రమాదం 9, 10 శాతం ఉంటుందని డాక్టరుకి తెలుసు. చెబితే సిజేరియన్ అడుగుతుందని చెప్పలేదు. 1999లో బిడ్డ తల వచ్చాక పూర్తిగా బయటికి రావడానికి 12 నిమిషాలు పట్టింది. మెదడు దెబ్బతింది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చి, ఆ స్థితిలో ఉన్న మనిషి పట్టించుకునే ప్రతి ప్రమాదాన్నీ, ప్రత్యామ్నాయాన్నీ చెప్పి తీరాలంది. 52.5 లక్షల పౌండ్ల పరిహారం. చూశారా, అక్కడ చెప్పకుండా నార్మల్ చేశారు, ఇక్కడ చెప్పకుండా ఆపరేషన్ చేస్తున్నారు. తప్పు ఒక్కటే, చెప్పకపోవడం.

2022లో మన ప్రభుత్వం సిజేరియన్లు తగ్గించాలని గట్టిగా పట్టుకున్నప్పుడు కూడా నా భయం ఇదే. శాతం తగ్గడం మంచిదే. కానీ టార్గెట్ అనే మాట లేబర్ రూములోకొస్తే, మొన్న కొయ్యడానికి కనపడని తల్లి రేపు కొయ్యకపోవడానికి కూడా కనపడదు.

“మనది బ్రిటన్ కాదుగా” అంటారా? 2008లో మన సుప్రీంకోర్టే సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. చికిత్స ఏమిటో, లాభమేంటో, వేరే దారులున్నాయేమో, ప్రధానమైన ప్రమాదాలేంటో, వద్దంటే ఏమవుతుందో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని. స్పృహలో లేనప్పుడు తల్లి చేసిన సంతకం పెద్దదైన కూతురి ఒప్పుకోలు కాదని కూడా (ప్రాణం మీదికొస్తే వేరు). మన దగ్గర కాన్పు గది బయట నాలుగు కాయితాల మీద సంతకాలు పెట్టేది ఎవరో మీకు తెలుసు. లోపల పూర్తి స్పృహలో ఉన్న మనిషిని వదిలేసి బయట చెప్పులు విప్పుకుంటున్న మొగుడితో పెట్టిస్తారు.

అందుకే, ఈసారి ఆ వాక్యం వినపడితే లేచి వచ్చెయ్యకండి. ఇవి అడగండి:

1. ఈ బరువుకి అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చు?
2. నాకు సుగర్ పరీక్ష (75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకి చేసేది) చేశారా? ఎంత వచ్చింది? 140 దాటితే తర్వాతి కబురంతా మారిపోతుంది.
3. ఆగితే ఏమవ్వొచ్చు, నొప్పులు తెప్పిస్తే ఏమవ్వొచ్చు, కోస్తే ఏమవ్వొచ్చు? వందలో ఎంతమందికి?
4. రాత్రి రెండింటికి అవసరమైతే మీ దగ్గర మత్తు డాక్టరు, రక్తం ఉంటాయా? లేకపోతే ఉన్నచోటికి ఇప్పుడే పంపండి.
5. భుజం ఇరుక్కుంటే మీ స్టాఫ్‌కి ఏం చెయ్యాలో తెలుసా?
6. నాకు ఇంకో బిడ్డ కావాలి. ఈ కోత దానికేం చేస్తుంది?

ఇవన్నీ విన్నాక “నాకు ఆపరేషనే కావాలి” అంటే దివ్యంగా చేయించుకోండి. మిమ్మల్ని పిరికిది అనే హక్కు ఎవరికీ లేదు, నొప్పులు పడనివాళ్ళకి అసలే లేదు. వద్దంటే వద్దనండి. మీ ప్రశ్నలకి జవాబు చెప్పే డాక్టరు దొరికితే గట్టిగా పట్టుకోండి. కసురుకునే డాక్టరయితే, నొప్పులు ఇంకా రాలేదు కాబట్టి మీకు టైముంది, గుమ్మం మార్చండి.

భర్తలూ, అన్నదమ్ములూ, మీకు ఒక్కటే పని. ఆ గదిలో డాక్టరు మీ మొహం చూసి మాట్లాడుతున్నప్పుడు, “నాకు కాదండీ, ఆమెకి చెప్పండి” అనండి. ఖర్చు లేదు, ముహూర్తం అక్కర్లేదు.